దాచిన మూడేళ్లు

ఆమదాలవలస,
ఆగస్టు 5, 2025.

వదినా,

నీకు ఫోన్ చేసి లాభం లేదు. చెవికి మిషను పెట్టుకోమంటే పెట్టుకోవు. నేను గొంతు చించుకుని అరిస్తే వీధి వీధంతా వింటుంది, నువ్వు తప్ప. పైగా ఇది వీధి వినకూడని సంగతి. అందుకే ఉత్తరం.

ముందు మంచి మాట. మన చరితకి అక్టోబరు నెలాఖరులో పురుడు వస్తుందన్నారు. ముప్పై అయిదేళ్లకి తొలి కాన్పు, దానికి తోడు బీపీ. ఖాట్మండు నుంచి కదలడానికి వీల్లేదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా! ఆ భాగ్యం లేదు కాబట్టి పుట్టిల్లే అక్కడికి వెళ్లాలి. అల్లుడు బంగారం లాంటివాడే గానీ తల్లి లేనివాడు, ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. మొన్న వీడియోలో అది "అమ్మా, నువ్వు వస్తావు కదూ" అని మూడుసార్లు అడిగింది. మన చరిత సంగతి నీకు తెలుసు, తను పనిచేసే అక్కడి కంటి ఆసుపత్రిలో పదిమందిని హడలెత్తించే మనిషి. అది నన్ను ఏదైనా మూడుసార్లు అడగడం నేనెరగను. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి ఏడిచాను.

స్టేషన్ రోడ్డులో టిక్కెట్లు తీసే గంగులు ఉన్నాడు, కళింగపట్నం అబ్బాయి. అతని దగ్గరికి ఇద్దరం వెళ్లాం. "నేపాలుకి వీసా అక్కర్నేదమ్మా. ఇమానం ఎక్కాలంటే పాస్‌పోర్టయినా ఉండాల, ఓటరు కార్డయినా ఉండాల. ఆధార్ సెల్లదు. అరవై అయిదు దాటినోలకైతే ఆధార్ సాలు" అన్నాడు. మా కార్డులు రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు. "సారుకి అరవై ఆరు. సార్ని రేపే పంపేస్తాను. అమ్మకి అరవై నాలుగే. ఏటి సేస్తాం మరి!"

విన్నావా వదినా? నీ తమ్ముడికి దారి ఉంది, నాకు లేదు. ఆయన వెళ్లి పురుడు పోస్తారట! కుక్కరు కూతేస్తే ఎవరో బెల్లు కొట్టారని వీధి తలుపు తీసే మనిషి. బాలింతకి పథ్యం ఎవరు వండుతారు, పసిగుడ్డుకి నీళ్లెవరు పోస్తారు? ఆయన మాత్రం దర్జాగా "యూట్యూబులో చూసి చేస్తాలే" అంటున్నారు.

ఇల్లు మారామని నా ఓటు విజయనగరంలో తీసేశారు, ఇక్కడ ఎక్కించలేదు. మళ్లీ దరఖాస్తు పెట్టాను, ఎప్పుడొస్తుందో తెలీదు. పాస్‌పోర్టుకి పందొమ్మిదో తారీఖున శ్రీకాకుళం రమ్మన్నారు. చూద్దాం.

ఇంతకీ నీ దగ్గరున్న ఆ కాగితం భద్రమేనా? ఈ ఉత్తరం చదివాక చింపెయ్.

నీ
కామేశ్వరి


విజయనగరం,
ఆగస్టు 11.

ఒసే కామూ,

చింపమన్నావు, చింపలేదు. చిన్నప్పుడు నువ్వు నోటుపుస్తకంలో కాగితాలు చింపి రాసిన చీటీలే ఇంకా దాచుకున్నాను, ఉత్తరం చింపుతానా?

చరిత తల్లి కాబోతోందంటే నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. మీ అన్నయ్యగారు ఏమైందని అడిగితే చేతులతో పిల్లని ఊపి చూపించాను. ఆయన నాకు చెవులతో పాటు మాట కూడా పోయిందనుకుని కంగారు పడ్డారు.

కాగితం భద్రం. నా ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతలో ఉంది నీ పదో తరగతి సర్టిఫికెట్. దానిమీద నువ్వు పుట్టిన తేదీ 1958 ఫిబ్రవరి 9. అంటే నీకు నిండా అరవై ఏడు. నీ ఆధార్ కార్డు మీదున్న అరవై నాలుగు నేను పుట్టించినది.

నలభై ఒక్క ఏళ్లు అయిపోయాయి, అయినా నిన్నటి సంగతిలా ఉంది. మా అమ్మ రామతీర్థంలో మా ఇంటి అరుగుమీద కూర్చుని పట్టిన పట్టు నీకు గుర్తుందా? "పిల్ల మావాడికంటే ఒక్క నెల పెద్దదైనా వాడి ఆయుష్షుకి మంచిది కాదు." మా ఉపేంద్రేమో నీ పాట విన్న దగ్గర్నుంచి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. నువ్వేమో వాడికంటే పదమూడు నెలలు పెద్ద, నా క్లాసుమేటువి. నేనేం చెయ్యను? "కామేశ్వరికి చిన్నప్పుడు మూడు డబుల్ ప్రమోషన్లు ఇచ్చారు. నాతో చదివింది గానీ నాకంటే మూడేళ్లు చిన్నది" అనేశాను. రెండు చాలేది, ఊపులో మూడన్నాను. నీ జాతకం తుఫానులో తడిసి పాడైందని చెప్పి, పేర్లను బట్టి పొంతన చూపించాం. సర్టిఫికెట్ నా పెట్టెలోకి వచ్చింది. నువ్వు మా ఇంటికి వచ్చావు. ఇప్పటికీ నేను చేసిన మంచి పనుల్లో అదొకటి అనుకుంటాను.

అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది. ఇంకా ఎవరికోసమే ఈ అబద్ధం? సర్టిఫికెట్ చూపించి ఆధార్‌లో తేదీ సరిచేయించుకుంటే అరవై అయిదు దాటిన దానివవుతావు. పాస్‌పోర్టూ వద్దు, ఓటరు కార్డూ వద్దు. మీ ఇద్దరూ చెరో ఆధార్ పట్టుకుని విమానం ఎక్కొచ్చు. వాడితో చెప్పెయ్. ఏమంటాడు, మహా అయితే మూడు రోజులు మూతి ముడుచుకుంటాడు.

నీ
శ్రీలలిత


ఆమదాలవలస,
ఆగస్టు 22.

వదినా,

చెప్పలేదు. పాస్‌పోర్టు వచ్చేస్తే చెప్పే పనే ఉండదు కదా అనుకున్నాను. జరిగింది విను. నవ్వితే మాత్రం నీతో మాట్లాడను.

పెద్దవాళ్లకి తోడు రావచ్చన్నారని ఈయన కూడా కౌంటరు దాకా వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకున్నారు. అక్కడున్న అమ్మాయి ఆధార్ చూసింది, వేలిముద్రలు తీసింది, అంతా సవ్యంగా సాగుతోంది. ఆఖర్న "ఏటి సదివారమ్మా?" అంది. పదో తరగతి అన్నాననుకో, సర్టిఫికెట్ ఏదీ అంటుంది. "నేనేమీ చదువుకోలేదమ్మా" అనేశాను.

ఈయన కుర్చీలోంచి లేచిపోయారు. "చదువుకోలేదా! మూడు డబుల్ ప్రమోషన్లు వచ్చిన మనిషి! సంగీతంలో డిప్లొమా! ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పింది!" హాలు హాలంతా మావైపు తిరిగింది. నువ్వు కల్పించిన ఆ ప్రమోషన్ల గురించి ఈయన బడిలో ప్రతి బ్యాచికీ చెప్పుకున్నారు, లెక్కల మాస్టారి పెళ్లాం అంటే ఇలా ఉండాలని. ఆ అమ్మాయి ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "అమ్మా, ఇంతకీ సదివారా, సదవలేదా?" అంది. నేను తలొంచుకుని కూర్చున్నాను. సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ రమ్మని అక్టోబరు ఏడో తారీఖు ఇచ్చారు.

బస్సులో ఈయన నా సంచీ కూడా తనే పట్టుకున్నారు. ఇంటికొచ్చి మంచినీళ్లు ఇచ్చి, మెల్లిగా "కామేశ్వరీ, పదమూడో ఎక్కం చెప్పు" అన్నారు. నాకు మతిమరుపు జబ్బు మొదలైందని ఆయన భయం! ఆ రాత్రి నుంచి స్టవ్వు కట్టేశానా లేదా అని నా వెనకే తిరుగుతున్నారు. నవ్వు రావడం లేదు వదినా, జాలేస్తోంది.

నిన్న చరిత ఫోన్ చేసింది. బీపీ పెరిగిందట, అక్టోబరు మొదటి పక్షంలోనే కాన్పు చెయ్యాల్సి రావచ్చట. అంటే ఏడో తారీఖున నేను మళ్లీ శ్రీకాకుళం వెళ్లేసరికి అక్కడ అది నొప్పులు పడుతుంటుంది.

నువ్వు అడుగుతావని తెలుసు, చెప్పడానికేం రోగమని. చెప్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట విశాఖలో ఈయన గుండెకి స్టెంటు వేస్తుంటే నేను బయట బల్లమీద కూర్చున్నాను. నాకు అత్తయ్య మాట తప్ప ఇంకేం గుర్తు రాలేదు. వాడి ఆయుష్షుకి మంచిది కాదు. ఇది నావల్లే జరిగిందనుకున్నాను. పెళ్లైన మొదటి ఏడాది నుంచీ శనివారాలు ఉపవాసం ఉంటున్నానా, ఈయన అది వెంకన్న మీద భక్తి అనుకుంటారు. భక్తి కాదు వదినా, భయం. ఆయన కోప్పడతారని కాదు నేను దాస్తున్నది. ఆ మాట నా నోటితో బయటపెడితే ఆయనకేమైనా అవుతుందేమోనని.

అక్కడ నా కూతురు, ఇక్కడ ఈయన. నేనేం చెయ్యను?

కామేశ్వరి


విజయనగరం,
సెప్టెంబరు 1.

కామూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మీ అన్నయ్యగారు ఏమైందని పలకమీద రాసి మరీ అడిగారు. ఏమని చెప్పను?

నా గొప్ప చూశావా? ఒక అబద్ధమాడి మంచి పని చేశానని ఇన్నేళ్లూ మురిసిపోయాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నిన్ను చూసి కన్నుగీటాను. నువ్వు నవ్వేదానివి. ఆ నవ్వు వెనక నువ్వు వారం వారం పస్తుంటున్నావని నాకేం తెలుసు? ఒక్కసారి చెప్పలేకపోయావుటే? నేను నీకు ముందు స్నేహితురాలినా, ముందు ఆడపడుచునా?

ఇప్పుడు నేను చెప్పేది విను. మా అమ్మ మా నాన్నకంటే పదేళ్లు చిన్నది. పదేళ్లు! అయినా నీ పెళ్లైన రెండేళ్లకే, యాభై ఆరేళ్లకి నాన్న వెళ్లిపోయారు. మరి ఆ చిన్నతనం ఆయన్నెందుకు కాపాడలేదు? అమ్మని ఈ మాట అడిగే ధైర్యం నాకు లేకపోయింది, లేకపోతే ఆ రోజుల్లోనే అడిగేదాన్ని. అరవై ఆరేళ్లు వచ్చిన నా తమ్ముడు చెరువు గట్టుమీద పొద్దున్నే నాలుగు మైళ్లు నడుస్తున్నాడు. నీ చేతి వంట తిని.

నువ్వు చెప్పలేవు. నాకు అర్థమైంది. ఈ ముడి వేసింది నేను, విప్పాల్సిందీ నేనే. నీ సర్టిఫికెట్ ఇవాళ పొద్దున్న రిజిస్టరు పోస్టులో పంపాను. నీ పేరుకి కాదు, ఉపేంద్ర పేరుకి. దానితోపాటు నేను అప్పుడు ఏం చేశానో రాసి సంతకం పెట్టాను. నువ్వు చింపమంటే చింపని ఆ ఉత్తరం, మొన్నటి ఉత్తరం, రెండూ కూడా అందులోనే పెట్టాను. పోస్టాఫీసులో అమ్మాయి కవరు తూకం వేసేటప్పుడు ఒక్క నిమిషం వెనక్కి తీసుకుందామా అనిపించింది. అప్పుడు మన చరిత మొహం గుర్తొచ్చింది.

తిట్టుకో. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఆ పెత్తనం నేను ఎప్పుడూ చెయ్యలేదు. ఇదొక్కసారి చేశాను.

శ్రీలలిత


ఆమదాలవలస,
సెప్టెంబరు 9.

అక్కయ్యకి,

ఉపేంద్ర నమస్కరించి రాయునది. నీ కవరు గురువారం అందింది. కామేశ్వరి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వరండాలో నిలబడే చదివాను. చదివి రెండు రోజులు దానితో మాట్లాడలేదు. అది నేను కోపంతో ఉన్నాననుకుని ఇంట్లో నీడలా తిరిగింది. కోపం కాదు అక్కయ్యా. ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియలేదు.

నేను లెక్కల మాస్టారిని. కాగితం మీద వేసి చూశాను. ఏడాదికి యాభై రెండు శనివారాలు, నలభై ఒక్క ఏళ్లు. రెండు వేల నూట ముప్పై రెండు రోజులు ఆ మనిషి నా కోసం ఖాళీ కడుపుతో ఉంది. ఆ రోజుల్లో నేనేం చేశానో తెలుసా? దాని ఉపవాసం రోజున మినపరొట్టి బాగా కాల్చలేదని పేచీ పెట్టాను.

ఇంకో సంగతి నువ్వూ ఎరగవు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి యాభై ఎనిమిదో ఏడు దాకా నేను సిగరెట్లు కాల్చాను. రోజూ బడి వదిలాక రైల్వే గూడ్స్ షెడ్డు వెనక నిలబడి రెండో మూడో కాల్చి, సోపు గింజలు నమిలి ఇంటికి వచ్చేవాణ్ణి. విశాఖలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదే. నిజం చెప్పి, మా ఆవిడకి చెప్పకండి అని బతిమాలుకున్నాను. నా గుండె నేను పాడుచేసుకున్నాను. బయట బల్లమీద కూర్చుని ఆ పాపం అది మోసింది. అది మూడేళ్లు దాచింది. నేను దాచింది ముప్పై ఏళ్లకి పైమాటే. మాలో ఎవరి అబద్ధం పెద్దది?

శనివారం పొద్దున్న వంటింట్లో నుంచి దాన్ని బయటికి పంపేసి నేనే ఉప్మా చేశాను. అడుగంటింది. పళ్లెంలో పెట్టి ఎదురుగా కూర్చోబెట్టి సిగరెట్ల సంగతి మొత్తం చెప్పాను. ముందు నమ్మలేదు. తరవాత నన్ను తిట్టింది చూడు! పెళ్లైన ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత గట్టిగా దాని గొంతు వినలేదు. తిడుతూ, ఏడుస్తూ, ఆ మాడిన ఉప్మా అంతా తినేసింది.

నిన్న ఇద్దరం ఆధార్ కేంద్రానికి వెళ్లాం. అక్కడ ఉన్నది రాణి అని నా దగ్గర చదువుకున్న పిల్లే. సర్టిఫికెట్ చూసి, కంప్యూటర్‌లో తేదీ కొట్టి, ఆగిపోయింది. "సారూ, ఇలగైతే అమ్మ మీకన్నా పెద్దయిపోతాదండి. పర్లేదా?" అంది మెల్లిగా, నా పరువు కాపాడుతున్నట్టు.

"పెద్దదే. ఎప్పటినుంచో పెద్దదే. గట్టిగానే చెప్పమ్మా, వెనకవాళ్లకి కూడా వినపడాలి" అన్నాను. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. కామేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండు వారాల్లో మారిన కార్డు వస్తుందంది. అక్టోబరు నాలుగుకి టిక్కెట్లు తియ్యమని గంగులుకి చెప్పాను. నువ్వు ఆనాడు అబద్ధం ఆడకపోతే ఈ మనిషి నాకు దక్కేది కాదు. దానికి నీ కాళ్లకి దండం. కానీ ఇక చాలు అక్కయ్యా, మన ఇంట్లో ఇక ఎవరూ ఎవరి మేలుకోరీ అబద్ధం ఆడొద్దు.

తమ్ముడు
ఉపేంద్ర


ఖాట్మండు,
అక్టోబరు 16.

వదినా,

ఆడపిల్ల. మొన్న పద్నాలుగో తారీఖు ఉదయం పదకొండు దాటాక. రెండున్నర కిలోలు. తల్లీ పిల్లా క్షేమం. నొప్పులు పడుతూ చరిత నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గాజు విరిగి మణికట్టు దగ్గర గీరుకుంది. ఆ గీతని ఇవాళ పదిసార్లు చూసుకుని ఉంటాను. నేను ఆమదాలవలసలో కూర్చుని ఉంటే అది ఎవరి చెయ్యి పట్టుకునేది!

ఢిల్లీ విమానాశ్రయంలో కౌంటరు అబ్బాయి నా ఆధార్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరవై ఏడా?" అని ఇంగ్లీషులో అడిగాడు. వెనకనుంచి నీ తమ్ముడు "అవును బాబూ, ఆవిడే పెద్ద. నన్ను ఆవిడే తీసుకెళ్తోంది" అన్నారు. ఆ అబ్బాయి నవ్వి స్టాంపు గుద్దాడు. నీ మీద ఉన్న కోపం అక్కడే దిగబెట్టేశాను. ఆ రిజిస్టరు కవరు పంపినందుకు ఒక నెల నీకు ఉత్తరం రాయకుండా ఉండాలనుకున్నాను, ఉండలేకపోయాను.

సిగరెట్ల విషయం మాత్రం వదలలేదు. ముప్పై ఏళ్లు! సోపు గింజలు తింటే అరుగుదలకి మంచిదనేవారు, నేను నమ్మి కిలోల లెక్కన కొనిపెట్టాను. ఇప్పుడు రోజుకొకసారి గుర్తుచేసి తిడుతున్నాను. కిమ్మనకుండా పడుతున్నారు. పిల్ల గుడ్డలు ఆయనే ఉతుకుతున్నారు. ఇక్కడి చలికి చేతులు కొంకర్లు పోతున్నా పంపు కింద కూర్చుని ఉతుకుతుంటే అల్లుడు సిగ్గుపడి చచ్చిపోతున్నాడు.

ఈ దేశం పంచాంగం వేరు వదినా. ఆసుపత్రివాళ్లు పిల్ల పుట్టినట్టు కాగితం ఇచ్చారు, దానిమీద 2082 అని ఉంది! అల్లుడు లెక్కకట్టి, ఈ పంచాంగం ప్రకారం నేను పుట్టింది 2014లో అన్నాడు. నీ తమ్ముడికి పండగైపోయింది. "ఇంకేం, మన లెక్కలో పదకొండేళ్ల పిల్లవి. ఈసారి ఏ అబద్ధమూ అక్కర్లేకుండా నాకంటే చిన్నదానివైపోయావు. ఇక్కడే కాపురం పెట్టేద్దాం" అన్నారు. చరిత కుట్లు లాగుతున్నాయి నవ్వించకండని మొత్తుకుంది.

నేనూ నవ్వాను. నవ్వి, పిల్లని ఆయన ఒళ్లో పడుకోబెట్టి, "వద్దండీ. నాకు అరవై ఏడు. ఆ మూడేళ్లు నా చేతికి రావడానికి ఇన్నాళ్లు పట్టింది. వాటిని ఇక ఎవరికీ ఇవ్వను" అన్నాను.

ఆయన పిల్ల కాళ్లమీద దుప్పటి సర్దారు. అల్లుడు చరితకి మందులు తేవడానికి బయటికి వెళ్లాడు. అప్పుడు నావైపు చూడకుండానే, "నాకింకా చాలాకాలం బతకాలని ఉంది కామేశ్వరీ. పెద్దదానివి, నిన్ను నేను చూసుకోవాలి కదా" అన్నారు.

ఆయన ఆయుష్షు కోసం ఇన్నేళ్లూ దేవుణ్ణి నేనొక్కదాన్నే అడుగుతూ వచ్చాను వదినా. ఆయన తన నోటితో తను అడగడం ఇదే మొదటిసారి.

నీ
కామేశ్వరి